బ్లాక్ టీచర్లను ప్రత్యేకంగా వెతికి తీసుకోవాలా? మీ అభిప్రాయం చెప్పండి

కరోలినా_నాన్న

ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలోని మా కౌంటీ (జిల్లా లాంటిది) స్కూల్ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. అయిదేళ్లలో బ్లాక్, అంటే నల్లజాతి టీచర్లను ఇంత శాతానికి పెంచాలట. టీచింగ్ అసిస్టెంట్లుగా పనిచేస్తున్నవాళ్లు డిగ్రీ పూర్తి చేసి టీచర్లు కావడానికి ఫీజు బోర్డే కడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు రెండేళ్లపాటు ఒక సీనియర్‌ను తోడు పెడతారు. డబ్బు మనం కట్టే ప్రాపర్టీ టాక్స్‌లోంచే. వాళ్లు చూపించే లెక్క ఏంటంటే, దేశం మొత్తమ్మీద పబ్లిక్ స్కూల్ పిల్లల్లో దాదాపు 15 శాతం బ్లాక్ పిల్లలు, టీచర్లలో మాత్రం 2020-21 నాటికి 6 శాతమే. టీచర్లలో 80 శాతం తెల్లవాళ్లు.

నా అభ్యంతరం సూటిగా చెప్తాను. మా అమ్మాయికి లెక్కలు చెప్పే మనిషి ఏ రంగైతే నాకేంటి? చెప్పడం రావాలి. టీచర్ల కొరత అందరికీ ఉంది, అర్హత ఉన్నవాళ్లు ఎవరొచ్చినా తీసుకుందాం. చదువుకున్న బ్లాక్ యువత మంచి జీతాలొచ్చే ఉద్యోగాలకు వెళ్తోంది, మన పిల్లలు వెళ్లినట్టే. దానికి బోర్డు ఎందుకు కంగారుపడాలి?

లెక్కల_టీచర్

నేను మేరీల్యాండ్‌లో ఒక మిడిల్ స్కూల్లో పనిచేస్తున్నాను. "వేరే ఉద్యోగాలకు వెళ్తున్నారు" అన్నది సగం సంగతే అండీ. మిగతా సగం చెప్పుకోకపోతే ఈ చర్చ మొదట్లోనే పక్కదారి పడుతుంది. వాళ్లు ఒకప్పుడు బడుల్లో ఉన్నారు. ఉన్నవాళ్లను పనిగట్టుకుని తీసేశారు.

1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు తెల్లపిల్లలకు, నల్లపిల్లలకు వేర్వేరు బడులు చెల్లవని తీర్పిచ్చింది. గొప్ప తీర్పే. కానీ బడులు కలిపేటప్పుడు మూతపడ్డవి ఎక్కువగా నల్లవాళ్ల బడులే. పిల్లలు తెల్లవాళ్ల బడికి వెళ్లారు, వాళ్ల టీచర్లు ఇంటికి వెళ్లారు. ఆ తర్వాతి పదేళ్లలో దక్షిణాది, దాని అంచునున్న రాష్ట్రాలు 17 కలిపి సుమారు 38,000 మంది బ్లాక్ టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మిస్సోరిలో మోబర్లీ అని ఒక చిన్న ఊరు. 1955లో బడులు కలిపి, ఉన్న 11 మంది బ్లాక్ టీచర్లలో ఒక్కరిని కూడా ఉంచలేదు. కోర్టుకు వెళ్తే అక్కడా ఓడిపోయారు.

బ్రౌన్ కేసు పుట్టిన ఊరు, కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో అయితే తీర్పు వచ్చేదాకా కూడా ఆగలేదు. 1953 మార్చిలోనే సూపరింటెండెంట్ ఒక బ్లాక్ టీచరమ్మకు ఉత్తరం రాశాడు. వేర్వేరు బడులు చెల్లవని కోర్టు అంటే, తెల్లపిల్లలకు నీగ్రో టీచర్లను పెట్టడం ఊళ్లో ఎక్కువమందికి ఇష్టం ఉండదని బోర్డు భావిస్తుంది, కాబట్టి వచ్చే ఏడాదికి మీకు ఉద్యోగం ఇవ్వలేం అని దాని సారాంశం. ఆవిడ చదువు గురించి గానీ పనితనం గురించి గానీ ఒక్క ఫిర్యాదూ లేదందులో.

వీళ్లు చదువు తక్కువవాళ్లని అనుకోకండి. దక్షిణాది రాష్ట్రాలు తమ యూనివర్సిటీల్లో నల్లవాళ్లను చేర్చుకోవడం ఇష్టంలేక ఖర్చిచ్చి మరీ బయటి రాష్ట్రాలకు పంపేవి. అలా న్యూయార్క్ వెళ్లి కొలంబియా లాంటి చోట మాస్టర్స్ చేసి తిరిగొచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. అర్హతే కొలమానమైతే వాళ్లే ఉండాల్సింది. అమ్మ టీచర్, పెద్దమ్మ టీచర్ అన్న ఇళ్లలోనే తర్వాతి తరం టీచర్లు తయారవుతారు. మన ఊళ్లలో చూడట్లేదా? ఆ వరసను ఒక్క తరంలో తెంచేశారు.

గణాంకం

చరిత్ర సరే, ఇప్పుడు పిల్లలకు ఉపయోగం ఉందా లేదా అన్నదే నా ప్రశ్న. ఉందనే చెప్పాలి. అయితే ఎంత ఉందో అంతే చెప్పుకోవాలి.

టెనెసీలో 1985లో స్టార్ అనే ప్రయోగం మొదలైంది. తరగతి చిన్నదైతే చదువు మెరుగవుతుందా అని చూడటానికి చేసింది. అందులో పిల్లలను, టీచర్లను తరగతులకు లాటరీ పద్ధతిలో కేటాయించారు. అంటే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి మంచి టీచర్ క్లాసులో వేయించుకోవడం కుదరదు. ఆ డేటాను తీసుకుని థామస్ డీ అనే ఆర్థికవేత్త 2004లో లెక్క వేస్తే, తమ జాతి టీచర్ దగ్గర ఒక ఏడాది చదివిన పిల్లలకు లెక్కల్లో, చదవడంలో 3, 4 పర్సెంటైల్ పాయింట్లు (వందమందిని మార్కుల వరసలో నిలబెడితే 3, 4 స్థానాలు) పెరిగాయి. తర్వాత గెర్షెన్సన్ అనే ఇంకో ఆర్థికవేత్త బృందం అదే పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూసింది. మూడో తరగతిలోపు ఒక్క బ్లాక్ టీచర్ దగ్గర చదివినా బ్లాక్ పిల్లలు కాలేజీలో చేరే అవకాశం 13 శాతం పెరిగింది, ఇద్దరి దగ్గర చదివితే 32 శాతం. కరోలినా_నాన్న గారూ, మీ నార్త్ కరోలినా రికార్డులతోనూ ఇలాంటి లెక్కే వేశారు. ఒక్క బ్లాక్ టీచర్ దగ్గరైనా చదివిన బాగా పేద ఇళ్ల బ్లాక్ మగపిల్లల్లో హైస్కూల్ మధ్యలో మానేసే ప్రమాదం 39 శాతం తగ్గింది.

రెండు జాగ్రత్తలు. 13 శాతం అంటే వందమందిలో 13 మంది ఎక్కువని కాదు, అప్పటికే ఉన్న రేటు మీద 13 శాతం. రెండోది, కాలేజీలో చేరడం పెరిగింది ఎక్కువగా రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లోనే. పట్టా చేతికొచ్చిందా అన్న చోట ఫలితం అంత గట్టిగా లేదు.

మన పిల్లల విషయం అడిగేవాళ్లకు ఒకటి. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లలను అడిగితే, బ్లాక్, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) టీచర్ల గురించి అన్ని జాతుల పిల్లలూ తెల్ల టీచర్ల కంటే మెరుగ్గా చెప్పారు.

కరోలినా_నాన్న

టీచర్ గారూ, మీరు చెప్పిన అన్యాయం నిజం. కాదనను. కానీ దాని పరిహారం ఇవాళ ఉద్యోగానికి అప్లై చేసుకునే ఇరవై రెండేళ్ల వేరే అమ్మాయి ఎందుకు చెల్లించాలి? పైగా ఈ పేరుతో ప్రమాణాలు తగ్గిస్తున్నారు. న్యూజెర్సీలో 2025 జనవరి నుంచి టీచర్ లైసెన్సుకు బేసిక్ స్కిల్స్ పరీక్షే తీసేశారు. చదవడం, రాయడం, లెక్కలు వచ్చా అని చూసే పరీక్ష అది. మన ఊళ్లో డీఎస్సీ కోసం కోచింగ్ సెంటర్లలో ఏళ్లకేళ్లు కూర్చున్నవాళ్లు ఎంతమంది? వాళ్లకు ఈ మాట చెప్తే నమ్మరు.

ఎడిసన్_వాసి

న్యూజెర్సీ పేరెత్తారు కాబట్టి. తీసేసింది బేసిక్ స్కిల్స్ పరీక్ష మాత్రమే, సబ్జెక్టు పరీక్ష అలాగే ఉంది. డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు మళ్లీ ఆ పరీక్ష ఎందుకన్నది వాళ్ల వాదన.

ఇంకో సంగతి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కు పక్కనే పిస్కాటవే. అక్కడి హైస్కూల్లోనే ఈ గొడవ దేశమంతా మారుమోగింది. 1989లో బిజినెస్ విభాగంలో ఒక టీచర్‌ను తగ్గించాల్సి వచ్చింది. ఒకరు తెల్లావిడ, ఒకరు నల్లావిడ. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, సీనియారిటీ సమానం. ఆ విభాగంలో ఉన్న బ్లాక్ టీచర్ ఆవిడొక్కరే కాబట్టి బోర్డు ఆవిణ్ని ఉంచి తెల్లావిణ్ని తీసేసింది. 1996లో ఫెడరల్ (కేంద్ర) అప్పీల్ కోర్టు ఇది చెల్లదంది. సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది గానీ, అక్కడ ఓడితే దేశమంతా దెబ్బ పడుతుందని పౌరహక్కుల సంఘాలే చందాలు పోగుచేసి 1997లో 4,33,500 డాలర్లకు రాజీ చేయించాయి.

అంతకుముందు 1986లో మిచిగన్‌లోని జాక్సన్ కేసు. పిల్లలకు ఆదర్శంగా తమ జాతి టీచర్లు కనబడాలి అన్న ఒక్క కారణంతో సీనియర్ తెల్ల టీచర్లను తీసేసి జూనియర్ బ్లాక్ టీచర్లను ఉంచడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదనను ఒప్పుకుంటే రేపు బ్లాక్ పిల్లలు తక్కువ ఉన్నచోట బ్లాక్ టీచర్లు తక్కువ చాలు అనడానికీ అదే పనికొస్తుందని జస్టిస్ పావెల్ రాశారు. నాకు ఈ మాటలో బలం కనిపిస్తుంది.

అందుకే కరోలినా_నాన్న గారు భయపడుతున్న కోటా ఇక్కడ కుదరదు. మన రాజ్యాంగంలో ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు వీలిచ్చే 16(4) అధికరణం ఉంది, అమెరికాలో అలాంటిది లేదు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం జాతి చూసి ఉద్యోగం ఇవ్వడమే నేరుగా చిక్కు. మీ బోర్డు ప్రతిపాదనలో ఉన్నది ఫీజు కట్టడం, తోడు పెట్టడం. టీచింగ్ అసిస్టెంట్ల ఫీజు పథకం అన్ని జాతులవాళ్లకూ తెరిచి ఉందేమో చూడండి. ఉంటే మీ ఇరవై రెండేళ్ల అమ్మాయికి పోయేదేం లేదు.

పాడేరు_మాస్టారు

అమెరికా వెళ్లలేదు గానీ ఈ తగవు మా కొండల్లో ఇరవై ఏళ్లు నడిచింది. 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచనను గట్టిగా తప్పుబట్టింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం షరతుల మీద నిలిచాయి.

జీవో ఎందుకొచ్చిందో చెప్తాను. మైదానం నుంచి వచ్చిన మాస్టారు సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి శుక్రవారం పొద్దున్నే ఎక్కేవాడు. వర్షాకాలం దారి తెగితే ఆ వారం బడి లేనట్టే. ఉన్న రోజుల్లో చెప్పింది పిల్లలకు అర్థమయ్యేది కాదు. ఒకటో తరగతిలో పిల్ల ఇంట్లో మాట్లాడేది కువి, లేదంటే ఆదివాసీ ఒరియా. పుస్తకం తెలుగు. పిల్ల నోరు విప్పకపోతే మొద్దు అని రాసేసేవారు. వాళ్ల భాష తెలిసిన టీచర్ వస్తే అదే పిల్ల వారం తిరిగేసరికి పలక చూపించి అడిగేది.

నేను గిరిజనుణ్ని కాదు. మంచి టీచర్ ఎవరైనా ఆ భాష నేర్చుకోవచ్చు, నేను నేర్చుకున్నాను. కానీ నాకు పట్టిన ఏళ్లల్లో ఎంతమంది పిల్లలు బడి మానేశారో నాకు తెలుసు. నూటికి నూరు తప్పని కోర్టు అంటే తలవంచుతాం. అక్కడి మనిషిని తయారుచేసే పని మాత్రం ఏ కోర్టూ వద్దనలేదు.

హ్యూస్టన్_అమ్మ

నాకు అర్థం కానిది ఒక్కటే. టీచర్ల జీతాలే అందరికీ తక్కువ. ఆ డబ్బు పెట్టి అందరి జీతాలు పెంచితే బ్లాక్ టీచర్లు కూడా వస్తారు కదా? వేరే పేరు దేనికి?

లెక్కల_టీచర్

జీతం పెంచాల్సిందే అమ్మా, రెండో మాట లేదు. అది ఒక్కటే సరిపోదని ఎందుకంటున్నానో నేను రోజూ చూసేది చెప్తాను.

మా బడిలో సైన్స్ చెప్పే బ్లాక్ మాస్టారు ఒకరున్నారు, చేరి మూడో ఏడు. దేశం మొత్తమ్మీద టీచర్లలో బ్లాక్ మగవాళ్లు రెండు శాతం కూడా లేరు, మా బడిలో ఆయనొక్కరే. నా గది ఆయన గదికి ఎదురు. నాలుగో పీరియడ్ ఆయనకు ప్లానింగ్ సమయం. పేపర్లు దిద్దుకోవాలి, ల్యాబ్ సర్దుకోవాలి. ఆ పీరియడ్‌లో ఆయన తలుపు దగ్గర ఎప్పుడూ ఒక పిల్లాడు నిలబడి ఉంటాడు. వేరే క్లాసులో గొడవ చేశాడని ఎవరో పంపిస్తారు. "నీ మాట వింటాడు" అంటారు. ఆయన దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి ఆ పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు. సాయంత్రం తల్లికి ఫోన్ చేసేదీ ఆయనే. దీనికి జీతం లేదు, రికార్డులో ఉండదు. ఏడాది చివర మాత్రం సైన్స్ స్కోర్లు ఎందుకు తగ్గాయని ఆయన్నే అడుగుతారు. ఈ పైకి కనబడని భారం గురించి ఒకప్పటి ఫెడరల్ విద్యామంత్రి జాన్ కింగ్ 2016లో రాశారు. ఆయనా టీచర్‌గా మొదలైనవారే.

బ్లాక్ టీచర్లు ఉద్యోగం మానేసే రేటు తెల్ల టీచర్ల కంటే ఎక్కువ. కాలేజీ అప్పు కూడా వాళ్ల మీదే ఎక్కువ. అందుకే నా పట్టు అంతా ఆ తోడు పెట్టడం అన్న భాగం మీదే. సౌత్ కరోలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో కాల్ మీ మిస్టర్ అనే కార్యక్రమం పాతికేళ్లుగా నడుస్తోంది. అబ్బాయిలను ఎలిమెంటరీ టీచర్లుగా తయారుచేస్తారు. ఫీజులో సాయం ఉంది, దాంతో పాటు ఒక బృందంగా ఉంచుతారు, ఉద్యోగం వెతకడంలోనూ వెంట ఉంటారు. ఒంటరిగా వదలరు.

ఫెడరల్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో టీచర్ల శిక్షణ గ్రాంట్లు 60 కోట్ల డాలర్ల మేర రద్దు చేశారు. ఇప్పుడు చేయగలిగింది కౌంటీలు, రాష్ట్రాలే.

గణాంకం

లెక్కల_టీచర్ గారి మాటకు ఒక ఊరు చేర్చాలి. న్యూ ఓర్లీన్స్. 2005లో కత్రినా తుపానుకు ముందు అక్కడి టీచర్లలో 71 శాతం బ్లాక్. తుపాను తర్వాత స్కూల్ ఉద్యోగులను మూకుమ్మడిగా తీసేశారు, బడులను చార్టర్లకు, అంటే ప్రభుత్వ డబ్బుతో బడులు నడిపే ప్రైవేటు సంస్థలకు ఇచ్చారు, బయటి ఊళ్ల నుంచి కొత్త టీచర్లను తెచ్చారు. 2014 నాటికి ఆ 71 శాతం 49 శాతానికి పడింది. ఆ సంస్కరణల తర్వాత పరీక్ష స్కోర్లు పెరిగాయన్నదీ నిజమే, దాచను. కానీ ఉన్నవాళ్లను పోగొట్టుకోవడానికి ఒక్క నిర్ణయం చాలు. తిరిగి తెచ్చుకోవడానికి ఇరవై ఏళ్లు చాలట్లేదు.

కరోలినా_నాన్న

అందరికీ థాంక్స్. ఎడిసన్_వాసి గారు చెప్పాక ప్రతిపాదన మళ్లీ చదివాను. ఫీజు పథకం అందరికీ ఉంది. ఆ భాగానికి, సీనియర్ తోడు భాగానికి బోర్డు మీటింగ్‌లో మద్దతుగా మాట్లాడతాను. అయిదేళ్లలో ఇంత శాతం అన్న లక్ష్యాన్ని మాత్రం వ్యతిరేకిస్తాను. అంకె పెడితే అంకె కోసమే పని జరుగుతుంది.

లెక్కల_టీచర్

అంకె లేకపోతే మూడో ఏడు బడ్జెట్ కోతలో ముందు పోయేది ఈ పథకమే అండీ. నేను అలా పోయినవి చూశాను. మీరు లక్ష్యం వద్దంటే కనీసం ఒకటి అడగండి. ఏటా ఎంతమంది టీచర్లు మానేశారు, వాళ్లలో బ్లాక్ టీచర్లు ఎందరు, ఏ బడి నుంచి, ఏం కారణం చెప్పారు అన్నది బోర్డు అందరి ముందూ పెట్టాలి. తోడుగా ఉండే సీనియర్‌కు ఆ పనికి డబ్బివ్వాలి, వారానికి ఒక పీరియడ్ ఖాళీ ఇవ్వాలి. లేకపోతే ఆ బరువు కూడా ఎదురు గది బ్లాక్ మాస్టారి మీదే పడుతుంది.