పోడు మానేసి కొండంతా కాఫీ, జీడిమామిడి వేసేస్తే ఊరు బాగుపడుతుందా?

కొండవాలు:
మాది మారేడుమిల్లి–చింతూరు ఘాట్ రోడ్డు మీంచి లోపలికి నడిచి వెళ్ళాల్సిన కొండరెడ్డి గిరిజనుల ఊరు. పేరు చెప్పినా మ్యాపులో దొరకదు. ఈ వానలకి, అడవి కొట్టి కాల్చి పోడు చేసే కొండ మీద కాఫీ, కింద వాలులో జీడిమామిడి వేసేద్దామని కుర్రాళ్ళం అంటున్నాం. పెద్దోళ్ళేమో "సామలు, చోళ్ళు (రాగులు) లేని ఇల్లు ఇల్లేనా" అని భీష్మించుకు కూర్చున్నారు. పోడులో పండింది ఇంట్లోకే చాలదు, రూపాయి కళ్ళజూసేది లేదు. అరకు వైపు వాళ్ళు కాఫీతో పిల్లల్ని చదివించుకున్నారు, బళ్ళు కొన్నారు. మనం ఇంకా కరక్కాయలు ఏరుకుంటున్నాం. అసలు ఆంధ్రాలో కాఫీ మొదట వేసింది మన పాములేరు లోయలోనే, 1898లో. పోడు పూర్తిగా మానెయ్యాలంటాను నేను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

అరకు_మిరియం:
తమ్ముడూ, మాది కాఫీ మీద బతికే ఇల్లే కాబట్టి వద్దనను. కానీ ముందు మీ కొండ ఎత్తెంతో కనుక్కో. అరబికా రకం కాఫీకి తొమ్మిది వందలు, వెయ్యి మీటర్లుంటే బావుంటుంది. గుడిస కొండ వైపు ఎత్తుంది గానీ పాములేరు ఒడ్డున అంత ఉండదు. అక్కడైతే రోబస్టా రకం గురించి అడగాలి. రెండోది నీడ. పోడు కొట్టిన కొండ బోడిగా ఉంటుంది, కాఫీ మొక్క ఆ ఎండకి మాడిపోతుంది. ముందు సిల్వర్ ఓక్ పెట్టి, అది కాస్త ఎదిగాక దాని కింద కాఫీ నాటాలి. నాటాక కాపుకి ఇంకో మూడు నాలుగేళ్ళు. అన్నేళ్ళూ ఏం తింటారు?

మమ్మల్ని నిలబెట్టింది మిరియం తీగ. సిల్వర్ ఓక్‌కి పాకించాం, కాఫీ రేటు పడిపోయిన ఏడు అదే ఆదుకుంది. 2019లో అరకు అరబికాకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చి పేరు పెరిగింది, నిజమే. 2025లో కాయతొలుచు పురుగూ వచ్చింది. అది పట్టిన తోటల్లో కాయలు దూసి నాశనం చెయ్యాల్సొచ్చింది.

సంత_మాస్టారు:
ఏజెన్సీ బళ్ళలో పంతులుగా చేసి రిటైరయ్యాను. "కరక్కాయలు ఏరుకుంటున్నాం" అని తీసిపారేశావే, అక్కడే నాకు అభ్యంతరం. మీ ఊళ్ళోకి డబ్బు ఎప్పుడెప్పుడు వస్తోందో ఒక కాగితం మీద రాసి చూడు. సంక్రాంతి దాటాక కొండచీపుర్లు, ఆ వెనకే చింతపండు, ఎండలు ముదిరేసరికి ఇప్పపూవు, తేనె, తపసి జిగురు, మధ్యమధ్యలో అడ్డాకులు. కొంచెం కొంచెమే గానీ ఏ నెల ఖర్చుకి ఆ నెల వస్తుంది.

చీపుర్ల సంగతే తీసుకో. పూత ముదిరిన గడ్డి కొండ మీంచి కోసుకొచ్చి, ఎండేసి, బండకేసి దులిపి పొట్టు రాల్చి, కట్టలు కట్టి నెత్తిన పెట్టుకుని సంతకి దిగుతారు. సంత మొదట్లోనే కాపేసిన వ్యాపారి "కట్ట సన్నంగా ఉందే" అంటూ పదికి ఒకటి ఊరికే లాగేస్తాడు. అంత మోసం జరిగినా మధ్యాహ్నానికి ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని ఎక్కుతారు. పెట్టుబడి లేదు, అప్పు లేదు. అడవి సరుకు కొనే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956 నుంచి ఉంది, దాని డిపో దగ్గర్లో ఉన్న ఊరికి తూకం బాధా తక్కువే. లేని ఊరికి షావుకారే దిక్కు.

ఇక జీడిమామిడి. నేను పనిచేసిన ఊళ్ళో ఒకాయన కూతురి పెళ్ళి ఖర్చుకని తోటని పూత మీదే అమ్మేశాడు. పిక్కలు ఏరే రోజుల్లో సొంత తోటలో కూలికెళ్ళాడు. వన్ ఆఫ్ సెవెంటీ చట్టం నేల గిరిజనేతరుడి చేతికి పోకుండా ఆపుతుంది గానీ, చెట్టు మీది కాపు పోకుండా ఆపలేదు కదా.

రాజమండ్రి_బైకు:
సార్లూ, శని ఆదివారాలు మేం అక్కడికి వస్తుంటాం. పోడంటే అడవిని తగలబెట్టడమే కదా, దాన్ని వెనకేసుకొస్తారేంటి? కాఫీ, జీడి కూడా ఎందుకు? బొంగు చికెన్ బండి, నాలుగు గదుల హోమ్‌స్టే పెట్టుకుంటే చాలదా?

కాగితం_పెద్ద:
బైకు బాబూ, గుడిస గడ్డి మీద ఖాళీ సీసాలు పోడు చేసేవాళ్ళు పడేసినవి కావు. బొంగు చికెన్ అంటారా, నేను చూసిన బళ్ళలో బొంగులు నరికి మోసుకొచ్చేది కొండవాళ్ళు, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది బయట్నుంచొచ్చినవాళ్ళు. వాలమూరు వాళ్ళలాగా వన సంరక్షణ సమితి పేరన ఊరే నడుపుకుంటే అది వేరు.

పోడు అసలు పద్ధతి ఏంటంటే, కొట్టి, కాల్చి, రెండు మూడేళ్ళు విత్తి వదిలేయడం. అడవి మళ్ళీ లేచాకే ఆ నేల చెక్కకి తిరిగి రావడం. 1882 మద్రాసు అటవీ చట్టం దగ్గర్నుంచి ఇది రిజర్వు అడవి అంటూ కొండ చుట్టూ గీతలు గీస్తూ వచ్చారు. తిరగడానికి చోటు లేక ఉన్న చెక్కనే మళ్ళీ మళ్ళీ కొడితే కొండ బోడవ్వక ఏమవుతుంది? అంతకు ముందు 1879లో రంప కొండలు భగ్గుమన్నదీ చెట్టు మీద చెయ్యేసినందుకే. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా పన్నేశారు.

కొండవాలూ, మీ పోడుకి హక్కు పత్రం ఉందా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి మీ సాగులో ఉంటే నాలుగు హెక్టార్ల దాకా ఇస్తారు, భార్యాభర్తలిద్దరి పేరునా రాస్తారు. పత్రం లేని కొండ మీద నాలుగేళ్ళకి కాసే మొక్క పెట్టి ఏ ధైర్యంతో కూర్చుంటారు?

ఏఎన్ఎం_అక్క:
నేను ఈ కొండ ఊళ్ళలో తిరిగే నర్సుని. ఇక్కడందరూ ఊరికి డబ్బు, ఊరికి డబ్బు అంటున్నారు. ఊళ్ళో ఎవరికి? చీపుర్లు, అడ్డాకులు అమ్మిన డబ్బు ఆడవాళ్ళ కొంగున పడుతుంది. నేను చూసినంతలో కాఫీ డబ్బు మొగుడి ఖాతాలో పడుతుంది. పత్రం మీద ఇద్దరి పేరున్నా బ్యాంకుకి వెళ్ళేది ఒక్కడే.

ఆషాఢ శ్రావణాల్లో అడవిలో అమ్ముకునేదేం దొరకదు, పోడు ఇంకా చేతికి రాదు. ఒకప్పుడు మామిడి టెంకల పిండి, జీలుగు పిండి జావతో నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు కోటా బియ్యం ఉంది, ఆకలి తగ్గింది. కానీ బాలింత కంచంలో ఆ అన్నం, మిరపకాయ పచ్చడి తప్ప ఇంకేం కనబడకపోతే నేనిచ్చే ఐరన్ మాత్ర ఎంతని పనిచేస్తుంది? కందులు, బొబ్బర్లు, చోళ్ళు పోడులోంచే వస్తాయి తమ్ముడూ. కాఫీ డబ్బుతో కొనుక్కుంటాం అంటారు. కొనరు.

కొండవాలు:
అక్కా, మాస్టారూ, మీరన్నది కాదనను. కానీ జ్వరమొస్తే డోలీ కట్టి రోడ్డుకి మోసే ఊరు మాది. పెద్దాసుపత్రికి పోవాలంటే, చెల్లిని రంపచోడవరంలో చదివించాలంటే చిల్లర చాలదు, ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి. చీపుర్ల కట్టలు ఎన్ని దులిపితే అంతొస్తుంది? దులిపేదీ మా అమ్మే, మోకాళ్ళు అరిగిపోయాయి. పత్రం మా అమ్మానాన్నల పేరున ఉంది, సగం నేలకే. పూత మీద అమ్ముకునే గతి పట్టకుండా ఏం చెయ్యాలో చెప్పండి, మానెయ్యమని మాత్రం చెప్పకండి.

అరకు_మిరియం:
కాఫీ పండుని పండుగానే తూచి ఇచ్చెయ్యకండి. పల్పింగ్ మిషన్ ఇంటికొకటి అక్కర్లేదు, ఊరంతటికీ ఒకటి చాలు. పొట్టు తీసి, కడిగి, ఆరబెట్టిన గింజకి రేటు వేరు. పండైతే ఆ పూటే అమ్మాలి, గింజ నిలవుంటుంది. నెలాగి బేరం చెయ్యొచ్చు.

సంత_మాస్టారు:
నెలాగగలిగేది ఇంట్లో తిండిగింజలున్నవాడే. లేనివాడు ముందే అడ్వాన్సు పుచ్చుకునుంటాడు. పోడు పూర్తిగా మానెయ్యడానికి నేనింకా ఒప్పుకోను.

కొండవాలు:
సరే మాస్టారూ. పత్రం ఉన్న సగంలో ఈ ఏడు సిల్వర్ ఓక్ వరకే పెడతాం. అరకు అన్నా, అవి ఎదిగేదాకా ఎండ పడుతుందిగా, మధ్యలో చోళ్ళు, కందులు వేసుకోవచ్చా?

అరకు_మిరియం:
వేసుకోవచ్చు, మేమూ వేశాం. నిప్పు మాత్రం పెట్టొద్దు, మొక్కలు మిగలవు. ఆ మాట మీ తాతకి ముందే చెప్పి ఒప్పించు.