కాన్పుల ఆసుపత్రి ముందా, పరీక్షలూ మందులూ ముందా?

పర్లాకిమిడి మాస్టారు:
మా వైపు ఏ నాయకుడొచ్చినా కొత్త ఆసుపత్రి కట్టిస్తానంటాడు. తల్లి నుంచి బిడ్డకు సోకే హెచ్‌ఐవీ, సిఫిలిస్ అనే సుఖవ్యాధి, కాలేయాన్ని పట్టే హెపటైటిస్-బి, వీటి ఊసే ఎత్తడు. శ్రీలంక 2019లోనే మొదటి రెండింటినీ ఆపినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చేత అనిపించుకుంది. డబ్బు ముందు వీటికే పెట్టాలంటాను. మీరేమంటారు?

గుణుపురం కుర్రాడు:
మలేరియా, రక్తహీనత ఉండగా వీటికా పెద్దపీట, మాస్టారూ? అసలు ఆసుపత్రే లేకపోతే పరీక్షలు చెట్టు కింద చేస్తారా?

బరంపురం నర్సమ్మ:
చెట్టు కిందైనా చెయ్యొచ్చు బాబూ, వేలి నుంచి చుక్క రక్తం చాలు. మందు లేకపోతే హెచ్‌ఐవీ ఉన్న 100 మంది తల్లుల్లో 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకుతుంది. సరిగ్గా వాడితే 5 లోపే. తొలి దశ సిఫిలిస్‌కి ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్ చాలు. కాకపోతే సూరత్‌లో పనికెళ్ళి వచ్చిన మొగుడికీ ఆ ఇంజక్షన్ చెయ్యాలి, లేకపోతే మళ్ళీ మొదటికే.

నాకు మండేది హెపటైటిస్-బి దగ్గర. పుట్టినప్పుడు సోకితే 100 మందిలో 90 మందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే 24 గంటల్లో టీకా పడాలి. నేను పనిచేసిన ఒకచోట, పది డోసుల సీసా ఒక్క బిడ్డ కోసం ఎందుకు తెరవడమని రేపటికి వాయిదా వేసేవారు. తెరిచిన సీసా చల్లగా ఉంచితే 28 రోజులు వాడొచ్చని రూలే ఉంది! ఆ ఆసుపత్రికి బిల్డింగ్ లేక కాదు, బాబూ. బిల్డింగ్ బ్రహ్మాండంగా ఉంది.

పాతపట్నం ఆడపడుచు:
నన్ను ఇచ్చింది ఒడిశాలోని పర్లాకిమిడి. పరీక్షలన్నీ అక్కడే అయ్యాయి. తొలి కాన్పు కదా, ఎనిమిదో నెలలో ఇటు ఆంధ్రలో ఉన్న పుట్టింటికొచ్చాను. ఇక్కడి సిస్టర్ నా కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇది ఒడియాలో ఉందమ్మా" అని మళ్ళీ రక్తం తీసింది. నాకేమీ లేదు కాబట్టి సరిపోయింది. హెచ్‌ఐవీ మందు మీదున్న అమ్మాయి అయితే? అక్కడి లిస్టులో "ఊళ్ళో లేదు" అని రాస్తారు, ఇక్కడి లిస్టులో పేరే ఉండదు. పుట్టిన బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా పోసే సిరప్ ఎవరు పోస్తారు?

గుణుపురం కుర్రాడు:
అక్కా, ఈ కార్డు సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. ఆసుపత్రి మాత్రం వదలను. రాత్రిపూట నొప్పులొస్తే ఆటో కోసం పరిగెత్తేది మేము.

పర్లాకిమిడి మాస్టారు:
వదలమని ఎవరన్నారయ్యా? శంకుస్థాపనకి వచ్చినప్పుడు ఆ టీకా సీసా గురించీ అడుగు.