మొదటి టారో డెక్: అందం చూసి కొనాలా, రైడర్-వెయిట్‌తోనే మొదలుపెట్టాలా?

బెళ్ళందూరు: టారో, అంటే బొమ్మల కార్డులతో జోస్యం చెప్పడం, నేర్చుకుందామని డెక్ (కార్డుల కట్ట) కొనబోతున్నాను. నల్ల కార్డుల మీద బంగారు గీతలున్న డెక్ ఒకటి తెగ నచ్చేసింది. మా రూమ్మేట్ మాత్రం రైడర్-వెయిట్ అనే పాత డెక్కే కొనమంటోంది. దానిలోని ఆ పసుపు రంగు ఆకాశాలు నాకు అస్సలు ఎక్కడం లేదు. నచ్చని డెక్‌ని రోజూ చేతిలోకి తీసుకోగలనా?

జయనగర్: మీ రూమ్మేట్ మాటే కరెక్టండీ. డెక్‌లో 78 కార్డులుంటాయి. 22 మేజర్ ఆర్కానా, అంటే పెద్ద కార్డులు, ఏ డెక్‌లోనైనా బాగానే ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఎక్కువగా చూపించేవీ అవే. చూడాల్సింది మిగతా 56 చిన్న కార్డులు. 1909లో లండన్‌లో రైడర్-వెయిట్ వచ్చినప్పుడు పమేలా కోల్‌మన్ స్మిత్ ఆ చిన్న కార్డులకు కూడా మనుషులతో బొమ్మలు వేసింది. ఫైవ్ ఆఫ్ కప్స్ చూడండి. నల్ల దుప్పటి కప్పుకుని ఒకరు తల వంచుకుని నిలబడ్డారు. ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉన్నాయి. వెనక రెండు నిలబడే ఉన్నాయి, అటు చూపే లేదు. కాస్త అవతల ఏరు, దాని మీద వంతెన. ఇక పుస్తకం తెరవాలా? మార్సెయ్ అనే ఇంకా పాత రకం డెక్‌లో అదే కార్డు మీద అయిదు కప్పులు, తీగలు, పూలు, అంతే. అర్థం బట్టీ పట్టుకోవాల్సిందే.

కోరమంగల: నేను ఒప్పుకోను. రైడర్-వెయిట్‌లోని ఆ పోప్, ఆ కోటలు మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి పరాయిగానే ఉంటాయి. కిమ్ క్రాన్స్ వేసిన వైల్డ్ అన్‌నోన్ డెక్‌లో జంతువులు, చెట్లే తప్ప మనుషులు లేరు. నేను దానితోనే నేర్చుకున్నాను. ఇష్టం ఉంటే అర్థాలు వాటంతటవే వస్తాయి. ఇంకోటి, మొదటి డెక్ ఎవరో ఒకరు గిఫ్ట్‌గా ఇవ్వాలంటారు కదా?

జయనగర్: అలాంటి రూలేం లేదండీ, ఎవరి డెక్ వాళ్ళు కొనుక్కోవచ్చు. ఇష్టం ముఖ్యమే, కాదనను. కానీ నేర్చుకునే పుస్తకాలు, వీడియోలు చాలావరకు రైడర్ బొమ్మల్నే చూపిస్తాయి. మీ చేతిలో వేరే ఏదో బొమ్మ, వీడియోలో కత్తుల మధ్య కళ్ళకు గంతలతో నిలబడ్డ అమ్మాయి ఉంటే కొత్తవాళ్ళు అక్కడే వదిలేస్తారు. రంగులే ఇబ్బందైతే వేరే దారి ఉంది: యూనివర్సల్ వెయిట్ డెక్‌లో అవే బొమ్మలకు మేరీ హాన్సన్-రాబర్ట్స్ మెత్తటి రంగులు వేసింది. అవే బొమ్మలున్న స్మిత్-వెయిట్ సెంటెనియల్ డెక్‌లో రంగులు కాస్త వెలిసినట్టు, పాత పుస్తకంలోలా ఉంటాయి. నాకైతే అదే ఎక్కువ అందం.

బెళ్ళందూరు: సెంటెనియల్ ఫొటోలు ఇప్పుడే చూశాను, బాగుంది! మరి ఆ నల్ల డెక్‌ని పూర్తిగా వదిలేయాలా?

జయనగర్: వదలక్కర్లేదు. కొనేముందు దాని ఫైవ్ ఆఫ్ కప్స్, ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ (ఇందాక చెప్పిన గంతల అమ్మాయి కార్డు) ఫొటోలు వెతికి చూడండి. పేరు దాచి చూసినా ఏం జరుగుతోందో మీకు తెలిస్తే కొనేయండి. అంచులకు బంగారు పూత ఉంటే మాత్రం కొత్తలో కార్డులు అంటుకుంటాయి, ఒక్కొక్కటీ విడదీసి కలపాలి. బాగా చవగ్గా దొరికే కాపీల జోలికి వెళ్ళకండి, కొన్నిటిలో గైడ్‌బుక్కే ఉండదు.