అమెరికాలో కాల్పులు: ఒక్కో ఛానెల్ ఒక్కో కారణం ఎందుకు చెబుతుంది?

నల్లగొండ టీచర్:
మా అబ్బాయి డాలస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్నాడు. అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా మా అత్తగారు టీవీ ఆపనివ్వరు. ఒక ఛానెల్ తుపాకుల వల్లే అంటుంది, ఇంకొకటి వీడియో గేములంటుంది, మరొకటి మతిస్థిమితం లేదంటుంది. 2023లో డాలస్ దగ్గరే ఉన్న అలెన్ ఊరి మాల్‌లో జరిగిన కాల్పుల్లో మన తెలంగాణ అమ్మాయి చనిపోయినప్పుడూ ఇదే గోల. ఎవరి మాట నమ్మాలి?

పాలమూరు పాత డెస్క్:
అమ్మా, జిల్లా డెస్క్‌లో వార్తలు దిద్ది రిటైరైనవాణ్ణి. మా దగ్గర రైతు ఆత్మహత్య చేసుకుంటే ఠాణా నుంచి ముందుగా 'కడుపునొప్పి తాళలేక' అని వచ్చేది. అప్పుల సంగతి విలేకరి ఊరికి వెళ్లాకే తేలేది. అక్కడా అంతే. మొదటి రోజు మైకు ముందు ఎవరుంటే వారి కారణమే వార్త. అలెన్‌లో ఎనిమిది మంది చనిపోయిన మర్నాడే టెక్సాస్ గవర్నర్ అబాట్ మానసిక ఆరోగ్యం అన్నారు, అప్పటి అధ్యక్షుడు బైడెన్ యుద్ధంలో వాడే తరహా తుపాకుల నిషేధం అన్నారు. కాల్పులకు ముందు రోజు అడిగినా ఇద్దరూ అదే చెప్పి ఉండేవారు.

టెక్సాస్‌లోనే యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల సంగతి చూడండి. 2022 మే 24న 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఒక టీచర్ తలుపుకు రాయి అడ్డం పెట్టి తెరిచి వదిలేశారని అధికారులు చెప్పారు. ఇక చూసుకోండి, లోకమంతా ఆమె మీద పడింది. తీరా వీడియో చూస్తే, ప్రమాదం గమనించి ఆమె రాయి తీసేసి తలుపు మూసేశారు. తాళం పడలేదు, అంతే! దుండగుడు లోపలికి వెళ్లిన 77 నిమిషాలకు గానీ పోలీసులు అతణ్ణి మట్టుపెట్టలేదన్నది అసలు వార్త. ఆమె పేరుకు పట్టిన మసి మాత్రం అంత తొందరగా వదలదు.

నల్లగొండ టీచర్:
అసలు కాల్పులే జరగలేదు, అంతా నాటకమని కూడా వాట్సాప్‌లో తిప్పుతున్నారు సార్.

వనపర్తి కోడర్:
అక్కా, 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు చనిపోతే అమెరికా రేడియో వ్యాఖ్యాత అలెక్స్ జోన్స్ అదే ప్రచారం చేశాడు. ఆ కుటుంబాలకు వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2022లో తీర్పులు వచ్చాయి. ఇక గేములంటారా, జపాన్, కొరియా పిల్లలు తక్కువ ఆడతారా? లెక్కల్లోనూ తిరకాసు ఉంది. ఒక సంస్థ నలుగురికి తూటా తగిలితే లెక్క వేస్తుంది, మరొకటి కనీసం ముగ్గురు చనిపోతేనే. అందుకే ఒకే ఏడాదికి ఒకరు వందల్లో చెబుతారు, ఇంకొకరు పది, పన్నెండు అంటారు.

దేవరకొండ వాసి:
తుపాకీ దానంతట అది పేలదు కదా? మనసు చెడినవాణ్ణి వదిలేసి ఇనుమును తిడితే ఎలా?

పాలమూరు పాత డెస్క్:
తమ్ముడూ, ఈ మనిషి ఎందుకు చేశాడన్నది ఒక ప్రశ్న. ఆ దేశంలోనే ఇంత తరచుగా ఎందుకన్నది వేరే ప్రశ్న. టీవీ చర్చలో ఒకరు మొదటిదానికి, మరొకరు రెండోదానికి జవాబు చెబుతూ పొట్లాడుకుంటారు. మొదటిదానికి జవాబు మనిషిని బట్టి మారుతుంది. అలెన్ హంతకుడి ఒంటి మీద నాజీ పచ్చబొట్లున్నాయి. కొలంబైన్ బడిలో కాల్పులు జరిపిన కుర్రాళ్లు తమను ఏడిపించినవారి మీద కక్షతో చేశారని 1999లో ఊదరగొట్టారు. వాళ్లు బడి భోజనశాలనే పేల్చేయాలని బాంబులు పెట్టారని, అవి పేలలేదని తర్వాత తేలింది. అంటే గురి ఏడిపించినవారి మీదే కాదు, అందరి మీదా. 2017లో లాస్ వేగాస్‌లో 60 మందిని చంపినవాడికి స్పష్టమైన కారణం ఇదీ అని ఎఫ్‌బీఐ కూడా చెప్పలేకపోయింది. మనసులు అన్ని దేశాల్లోనూ చెడతాయి. జనాభా కంటే తుపాకులు ఎక్కువున్నది అక్కడే. లాస్ వేగాస్‌వాడి మనసులో ఏముందో దొరకలేదు గానీ, తుపాకులు ఎక్కడివో దొరికింది. అన్నీ చట్టప్రకారం దుకాణాల్లో కొన్నవే.