బ్యారెన్ ద్వీపం మేకలు నీళ్లు ఎక్కడ తాగుతాయి?

కళింగకుర్రాడు: మా మేనమామ పోర్ట్ బ్లెయిర్‌లోనే (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) స్థిరపడ్డాడు, మన శ్రీకాకుళం వాళ్లు అక్కడ బోలెడుమంది కదా. మొన్న ఫోన్లో అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం సంగతి ఎత్తాడు. ఊరూ మనుషులూ లేరట, అగ్నిపర్వతం పొగ కక్కుతూనే ఉంటుందట, కానీ మేకలున్నాయట, సముద్రపు నీళ్లు తాగి బతుకుతాయట! నమ్మొచ్చా? ఆ బూడిదలో ఏం మేస్తాయసలు?

లావాబాబు: మేకలు నిజం అన్నా. 1891లో పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన ఓ స్టీమరు వాళ్లు వదిలేసి పోయారు. ఉప్పునీళ్ల కథ నాకూ చాలామంది చెప్పారు గానీ ద్వీపానికి ఆగ్నేయం వైపు మంచినీటి ఊటలున్నాయి, జియలాజికల్ సర్వే వాళ్లే చూశారు. ఇక మేత అంటావా, పేరుకే బ్యారెన్. మొత్తం 3 కిలోమీటర్ల వెడల్పు ఉంటుందేమో, పాత పర్వతం కూలిపోగా మిగిలిన గోడ చుట్టూ నిలబడి ఉంటుంది, దాని మధ్యలో ఇప్పుడు పొగ వచ్చే కొండ. పడమర గోడ తెగిపోయింది కాబట్టి లావా అటే సముద్రంలోకి పోతుంది, అక్కడంతా నలుపే. గోడకి బయటి వాలు మాత్రం పచ్చటి అడవి. తమాషా ఏంటంటే 1832 తర్వాత ఆ కొండ నిద్రపోయింది, మళ్లీ పేలింది 1991లో. అంటే మేకలకి సరిగ్గా వందేళ్లు ప్రశాంతం! ఆ పేలుడునీ తట్టుకున్నాయి.

అడవిగాలి: అందరూ మేకల్ని మెచ్చుకుంటారు గానీ, చిన్న ద్వీపంలో మేక అంటే మొలిచిన ప్రతి మొక్కకీ గండమే. అండమాన్‌లోనే ఉన్న నార్కొండం ద్వీపం చూడండి, అదీ అగ్నిపర్వతమే, 7 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. 1976లో పోలీసు అవుట్‌పోస్టు కోసం మేకల్ని తెచ్చారు, అవి పెరిగి అడవిలో లేత మొక్కల్ని బతకనివ్వలేదు. అక్కడి హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, గూడుకి పెద్ద చెట్టు తొర్ర కావాలి, లేత మొక్కే మిగలకపోతే రేపు పెద్ద చెట్టు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? చివరికి ఆ మేకల్ని తీసేయాల్సొచ్చింది.

కళింగకుర్రాడు: అబ్బో, ఇదంతా తెలీదు. థాంక్సండీ ఇద్దరికీ. మామయ్య దగ్గరికెళ్తే ఓసారి దిగి చూడొచ్చా?

లావాబాబు: దిగనివ్వరు, అది అభయారణ్యం. పడవలోంచి చూడ్డమే. మేక కనబడితే ఫోటో పెట్టు.