బాండ్ కేసులో మేం అడిగిన పేపర్లన్నీ "సంబంధం లేనివి" అంటున్నారు, ఏం చేయాలి?

కొత్తకుర్రాడు_హైద్
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో 11 నెలలు చేసి మానేశా. జాయిన్ అయిన రోజే రెండేళ్ళ బాండ్ మీద సంతకం పెట్టించుకున్నారు, మధ్యలో మానేస్తే 3 లక్షలు కట్టాలట, ఆఫర్ లెటర్‌లో ఆ మాటే లేదు. అప్పటికే పాత జాబ్ వదిలేసి రూమ్ అడ్వాన్స్ కూడా ఇచ్చేశా కాబట్టి నోరు మూసుకుని పెట్టేశా. ఇప్పుడు ట్రైనింగ్‌కి ఖర్చయిందని సివిల్ కోర్టులో దావా వేశారు. ట్రైనింగ్ అంటే ఏం లేదండీ, ఒక సీనియర్ నాలుగు వీడియో లింకులు పంపి చూసుకో అన్నాడు, మూడో రోజు నుంచి క్లయింట్ పనే. మేం 14 రకాల పేపర్లు ఇప్పించమని పిటిషన్ వేశాం, అందరి పేస్లిప్పులు, మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, హెచ్‌ఆర్ మెయిల్స్ మొత్తం, ట్రైనింగ్ బిల్లులు ఇలా. ఏదీ కేసుకి సంబంధం లేదని కౌంటర్ వేశారు. అగ్రిమెంట్ అన్యాయమని చూపించాలంటే అవన్నీ కావాలి కదా?

నల్లకోటు
తమ్ముడూ, 14 అడగడమే మీకు దెబ్బ. చెరువంతా వల వేసి ఏం పడుతుందో చూద్దాం అన్నట్టుంటే జడ్జిగారు మొత్తం పిటిషనే కొట్టేస్తారు. ఏ పాయింట్ మీద గొడవో ఆ పాయింట్‌కి ఏ కాగితం ముడిపడి ఉందో చెప్పాలి, అంతే. కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 74 ప్రకారం బాండ్‌లో 3 లక్షలు రాసుంది కదాని 3 లక్షలూ ఇచ్చేయరు, అది గరిష్ఠం మాత్రమే, సబబైన పరిహారం ఎంతో కోర్టు చూస్తుంది. కాబట్టి నీ ట్రైనింగ్ బిల్లులు, హాజరు షీటు, ట్రైనర్‌కి కట్టిన డబ్బు, నిన్ను క్లయింట్‌కి ఏ తేదీ నుంచి బిల్ చేశారు, ఇవి నేరుగా సంబంధం ఉన్నవి. పక్కవాళ్ళ పేస్లిప్పులు వదిలెయ్. ఇంకోటి, ట్రైనింగే ఇవ్వలేదని, ఒత్తిడిలో సంతకం పెట్టానని మీ రిటన్ స్టేట్‌మెంట్‌లో, అంటే దావాకి మీరు కోర్టులో వేసిన జవాబులో, వివరంగా రాశారా? అందులో లేని వాదనకి కాగితం అడిగితే సంబంధం లేదన్న వాళ్ళ మాటే నిలబడుతుంది.

గుంటూరోడు
బ్రో లాయర్ గారు చెప్పింది నిజం కానీ మరీ ధీమాగా ఉండొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ళ బాండ్, 2 లక్షలు రెండూ చెల్లుతాయని చెప్పింది. 1986లో బ్రోజో నాథ్ గంగూలీ కేసు ఉంది కదా, బలవంతుడు బలహీనుడితో పెట్టించుకున్న ఘోరమైన షరతు చెల్లదని, అందరూ అదే పట్టుకుంటారు, బాండ్ ప్రతీదీ అందులోకి రాదు.

నల్లకోటు
అవును, కానీ అది ప్రభుత్వ బ్యాంకు, నోటిఫికేషన్ ఇచ్చి మళ్ళీ రిక్రూట్‌మెంట్ చేయాల్సిన ఖర్చుని కోర్టు లెక్కలోకి తీసుకుంది, షరతు కూడా నోటిఫికేషన్‌లోనే ఉంది. ఇక్కడ ఆఫర్ లెటర్‌లో లేనిది జాయినింగ్ రోజు బయటికొచ్చింది. ఆ ఆఫర్ మెయిల్ నీ దగ్గరే ఉంటుంది, ముందు అది ఫైల్ చెయ్.

మియాపూర్_అక్క
నాకూ ఇలాంటిదే అయింది, సెటిల్ అయిపోయింది. మా లాయర్ ముందు ఒరిజినల్ బాండ్ చూపించమని అడిగారు. వాళ్ళ ప్లెయింట్‌లో (దావా పత్రంలో) చెప్పిన కాగితమే కాబట్టి సంబంధం లేదనడానికి వాళ్ళకి నోరుండదు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 11 రూల్ 15 అన్నారు, నోటీసిచ్చినా చూపించకపోతే సరైన కారణం లేకుండా తర్వాత దాన్ని వాళ్ళు సాక్ష్యంగా వాడుకోలేరట. స్టాంప్ పేపర్ మీద వెండర్ రాసిన సీరియల్ నంబరు, కొన్న తేదీ చూడండి తమ్ముడూ. మాదాంట్లో ఆ తేదీ నేను జాయిన్ అయిన రెండు నెలల తర్వాతది!

కొత్తకుర్రాడు_హైద్
అక్కా ఇప్పుడే కాపీ తీసి చూశా. నేను ఆ రోజు సంతకం పెట్టింది మామూలు ఎ4 కాగితాల మీద, స్టాంప్ పేపర్ నా ముందు లేనే లేదు. వీళ్ళు వేసిన జిరాక్స్‌లో మొదటి పేజీ 100 రూపాయల స్టాంప్ పేపర్. తేదీ ఉండే చోట మొత్తం నల్లగా పడింది, సీరియల్ నంబర్లో చివరి రెండంకెలే కనిపిస్తున్నాయి. పొద్దున్నే లాయర్ గారికి ఫోన్ చేసి ఆ 14లో ఓ తొమ్మిది, పది రకాలు తీసేయమంటా, ఒరిజినల్ చూపించమని నోటీసు ముందు పంపమంటా.