ఫైల్‌లో 30 వరుసలే ఉన్నాయి, నా ప్రోగ్రామ్‌కి 31 ఎలా వస్తున్నాయి?

నాది చిత్తూరు, సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలే అయింది. మా నాన్న మండీకి వేసిన మామిడికాయల లెక్కని టెక్స్ట్ ఫైల్‌లోకి ఎక్కించాను. రోజుకో వరుస, అందులో తోతాపురి, బేనీషా, నీలం రకాలు ఎన్ని కిలోలో, మధ్యలో కామాలు: 412,180,95 ఇలా.

దీన్ని 100 వరుసలు, 3 కాలమ్‌ల టూ డీ అర్రేలోకి, అంటే పట్టికలాంటి దాంట్లోకి చదవాలి (అర్రే మెయిన్ ఫంక్షన్ బయట పెట్టాను, అందుకే మొదట్లో అన్నీ సున్నాలే ఉంటాయి). మొదట ఎఫ్‌స్కాన్‌ఎఫ్‌లో (ఫైల్ నుంచి చదివే ఫంక్షన్) ఉత్త పర్సెంట్ డీ (పూర్ణసంఖ్య చదవమనే గుర్తు) పెడితే 412 ఒక్కటే వచ్చింది, మిగతావన్నీ సున్నాలు. కామా దగ్గర ఆగిపోతోందని తెలుసుకోవడానికి ఒక రాత్రి పట్టింది, నవ్వకండి. పర్సెంట్ డీ పక్కన కామా చేర్చాక అన్నీ సరిగ్గా పడ్డాయి.

ఇప్పుడు గొడవ ఏంటంటే, ఎఫ్ఈఓఎఫ్ (ఫైల్ అయిపోయిందా అని చెప్పే ఫంక్షన్) అవుననేదాకా వైల్ లూప్ తిప్పుతుంటే చివర్లో 0 0 0 అని ఇంకో వరుస చేరి సగటు తగ్గిపోతోంది. ఫైల్ చివర కొట్టిన ఎంటర్ తీసేస్తే మాత్రం 30 వస్తున్నాయి! ఎఫ్ఈఓఎఫ్ వదిలేసి ఎఫ్‌స్కాన్‌ఎఫ్ తిరిగిచ్చే విలువ (ఎన్ని సంఖ్యలు చదివిందో) చూడమంటున్నాడు మా ఫ్రెండు, కానీ లోపల కాలమ్‌ల లూప్ కూడా ఉంది కదా, ఆ చెక్ ఎక్కడ పెట్టాలి? ఇంకోటి, వరుసలు 100 దాటితే మాలాక్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తీసుకునే ఫంక్షన్) తప్పదా అన్నా?